పేర్లు పక్కనపెట్టి పటం తీయండి: వెస్టెరోస్‌ను అసలు మధ్యయుగంతో పోల్చే పద్ధతి

వెస్టెరోస్ అనే ఊహా ఖండంలో జరిగే ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చూసినవాళ్ళు నలుగురు కలిస్తే ఒక మాట రాకుండా పోదు: “ఇదంతా ఇంగ్లండ్‌లో నిజంగా జరిగిందేనట.” ఇక జతలు కలపడం మొదలవుతుంది. స్టార్కులంటే యార్కులు, లానిస్టర్లంటే లాంకాస్టర్లు, రాణి సెర్సీ అంటే ఇంగ్లండ్ రాణి మార్గరెట్ ఆఫ్ అంజూ, ఉత్తరాన ఉన్న మంచుగోడ అంటే రోమన్ల హేడ్రియన్ గోడ. ఇవేమీ గాలి కబుర్లు కావు. యార్క్, లాంకాస్టర్ వంశాలు ఇంగ్లండ్ సింహాసనం కోసం చేసిన గులాబీల యుద్ధాల గురించి, హేడ్రియన్ గోడ మీద నిలబడి ఉత్తరం వైపు చూసిన రోజు గురించి రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ స్వయంగా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అయితే జతలు కలిపితే ఆయన ఏం చదివాడో తెలుస్తుంది, అంతే. ఆయన కట్టిన లోకం ఎక్కడ చరిత్రలా నడుస్తుంది, ఎక్కడ చరిత్రను వదిలేసింది, ఎందుకు వదిలేసింది అన్నవి బయటపడవు. నాకైతే పోలికల కంటే తేడాల దగ్గరే సరదా ఎక్కువ.

వీడియో చేసేవాళ్ళకీ, వ్యాసం రాసేవాళ్ళకీ, సొంతంగా ఫాంటసీ రాయాలనుకునేవాళ్ళకీ పనికొచ్చేలా ఈ పద్ధతిని దశలవారీగా ఇస్తున్నాను. ఉదాహరణ మొత్తం వెస్టెరోసే. రెడ్ వెడ్డింగ్‌లో ఏం జరుగుతుందో మధ్యలో చెప్పేస్తాను, ఇంకా చూడనివాళ్ళు గమనించండి.

1. ఏ వెస్టెరోస్ అన్నది ముందు తేల్చుకోండి

నవలలు వేరు, టీవీ సిరీస్ వేరు. నవలల్లో డేనెరిస్‌కు కథ మొదట్లో పదమూడేళ్ళు, సిరీస్‌లో వయసు పెంచారు. నవలల్లో ప్రయాణాలకు నెలలు పడతాయి, సిరీస్ చివరి సీజన్లలో ఓడలూ సైన్యాలూ ఒక ఎపిసోడ్‌లో ఎక్కడికి కావాలంటే అక్కడికి చేరిపోతాయి. రెండింటినీ కలిపేసి పోలిస్తే దేన్ని విమర్శిస్తున్నామో మనకే తెలియదు. ఒకటి ఎంచుకోండి. రెండోదాన్నుంచి ఏదైనా తీసుకుంటే అక్కడే ఆ మాట రాయండి.

ఇంకో జాగ్రత్త ఉంది. నవలలు పాత్రల కళ్ళతో సాగుతాయి కాబట్టి అందులోని ప్రతి మాటా రచయిత మాట కాదు. గోడ కట్టి ఎనిమిది వేల ఏళ్ళయిందని పాత్రలు చెబుతాయి. అదే కథలో గోడ కాపలాదళంలోని శామ్‌వెల్ టార్లీ పాత పుస్తకాలు తిరగేసి, మనకున్న చరిత్రలన్నీ ఆండల్స్ అనే వలసజాతి వచ్చాక రాసినవే, అంతకుముందువాళ్ళు రాళ్ళ మీద గీతలు తప్ప ఏమీ వదల్లేదని అనుమానం లేపుతాడు. అందుకే నోట్స్ రాసుకునేటప్పుడు ప్రతి విషయం పక్కన అది ఎవరి నోటి నుంచి వచ్చిందో రాసుకోండి. ముసలి దాది చెప్పిన కథా, కోశాధికారి చెప్పిన లెక్కా ఒకే బరువు మోయవు.

2. ఏ మధ్యయుగం? ఊరు, సంవత్సరం చెప్పండి

మధ్యయుగం అంటే దాదాపు 500 నుంచి 1500 వరకు, వెయ్యేళ్ళు. అందులో 800 నాటి ఫ్రాన్సుకూ 1450 నాటి ఇంగ్లండుకూ పోలిక చాలా తక్కువ. “మధ్యయుగంలో ఇలా ఉండేది” అని మొదలయ్యే వాక్యం రాశారంటే అక్కడే ఆగి, ఎక్కడ, ఎప్పుడు అని మిమ్మల్ని మీరు అడగండి.

వెస్టెరోస్‌లో పొరలు ఎన్నున్నాయో చూడండి. గోడకు మూలమైన హేడ్రియన్ గోడ పని క్రీ.శ. 122లో మొదలైంది, అంటే అది మధ్యయుగమే కాదు. ఏడు రాజ్యాల ఊహ ఆంగ్లో-శాక్సన్ కాలానిది. ఐరన్‌బోర్న్ అనే దీవులవాళ్ళ దాడులు వైకింగులవి, వాళ్ళు లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచింది 793లో. సముద్రం దాటొచ్చి రాజ్యాలన్నిటినీ ఒక్కటి చేసిన ఏగాన్‌లో 1066 నాటి నార్మన్ విలియం కనిపిస్తాడు. నీటి మీద మండే వైల్డ్‌ఫైర్‌కు ఏడో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌ను కాపాడిన గ్రీకు అగ్ని గుర్తొస్తుంది. వర్తకనగరం బ్రావోస్‌లో వెనిస్ కనిపిస్తుంది. ఉక్కు పలకల కవచాలు, టోర్నమెంట్ల ఆర్భాటం చూస్తే పదిహేనో శతాబ్దం. ఇవన్నీ ఒకే రాజు పాలనలో, ఒకే వారంలో పక్కపక్కన ఉంటాయి.

కాబట్టి ఒక కాలాన్ని కొలబద్దగా పెట్టుకోండి. వెస్టెరోస్‌కైతే నేను గులాబీల యుద్ధాల ఇంగ్లండ్‌ను, అంటే 1455 నుంచి 1487 వరకు, తీసుకుంటాను. మిగతా ప్రతి పొరకూ దాని అసలు తేదీ పక్కన రాస్తాను. ఇది పది నిమిషాల పని. కానీ ఆ తేదీల వరుస చూస్తే సగం వాదనలు అక్కడే సద్దుమణుగుతాయి.

3. పటం మీద స్కేలు పెట్టండి

చాలామంది ఈ దశ దాటేస్తారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన దశ ఇదే.

గోడ పొడవు 300 మైళ్ళు అని నవలల్లోనే ఉంది. పటంలో ఆ గోడనే స్కేలుగా తీసుకుని దక్షిణానికి కొలుచుకుంటూ రండి. రాజధాని కింగ్స్ ల్యాండింగ్ నుంచి స్టార్కుల కోట వింటర్‌ఫెల్‌కు రహదారి ఎంత తక్కువేసినా వెయ్యి మైళ్ళు దాటుతుంది. వెస్టెరోస్ దాదాపు దక్షిణ అమెరికా అంత ఉంటుందని మార్టినే ఒకచోట అన్నాడు. అంటే ఆకారం బ్రిటన్‌ది, కొలత ఖండానిది. లండన్ నుంచి ఎడిన్‌బరోకు 400 మైళ్ళే.

ఇప్పుడు సిరీస్ మొదటి ఎపిసోడ్ చూడండి. వింటర్‌ఫెల్ చేరగానే సెర్సీ నెలరోజులుగా ప్రయాణం చేస్తున్నామని విసుక్కుంటుంది. దారి 1,200 మైళ్ళు అనుకుందాం, రోజుకు 40 మైళ్ళు పడింది. బళ్ళు, సామాను, పరివారంతో కదిలే మధ్యయుగపు బృందం రోజుకు 10 నుంచి 15 మైళ్ళు పోతే గొప్ప. 1066 సెప్టెంబరులో హెరాల్డ్ రాజు నార్వే సైన్యాన్ని ఎదుర్కోవడానికి లండన్ నుంచి యార్క్ వైపు సుమారు 190 మైళ్ళు నాలుగైదు రోజుల్లో పరుగెత్తాడు. వెయ్యేళ్ళ తర్వాత కూడా చరిత్రకారులు ఆ వేగాన్ని అబ్బురంగా చెప్పుకుంటారు. సెర్సీ భర్త, రాజు రాబర్ట్ బరాథియన్ పరివారం పిల్లల్ని, రాణి బండిని వెంటేసుకుని అదే వేగాన్ని నెలంతా నిలబెట్టిందన్నమాట. నవలల్లో రాణిగారి ఇల్లంత బండికి ఇరుసులు విరుగుతూ ఉంటాయి కాబట్టి అక్కడ కొంత నయం. మామూలు లెక్కన ఆ ప్రయాణానికి నాలుగు నెలలు పట్టాలి.

దూరం లెక్క తేలాక అసలు ప్రశ్న వస్తుంది. నాలుగు నెలల దూరంలో ఉన్న సామంతుడు రాజు మాట ఎందుకు వింటాడు? ఇంగ్లండ్‌లో రాజు కౌంటీ కౌంటీకి షెరీఫ్‌ను పెట్టాడు, న్యాయమూర్తుల్ని ఊరూరా తిప్పాడు. వెస్టెరోస్‌లో ఆ యంత్రాంగం కనిపించదు. ఉన్నవి ఉత్తరాలు మోసే కాకులు, వివాహ సంబంధాలు, ఒకప్పుడైతే డ్రాగన్లు. డ్రాగన్ మీద ఎగిరే రాజుకు నాలుగు నెలల దారి కొన్ని రోజుల పని. డ్రాగన్లు పోయాక ఆ దేశం ఇంకో వందేళ్ళకు పైగా ఒక్కటిగా ఉండటం నాకు గోడ కంటే పెద్ద వింత.

గోడ దగ్గరికే వెళ్దాం. హేడ్రియన్ గోడ 73 మైళ్ళు, ఎత్తు నాలుగైదు మీటర్లు. మార్టిన్ గోడ పొడవు దానికి నాలుగు రెట్లు, ఎత్తు 700 అడుగులు, అంటే 200 మీటర్ల పైమాటే. కాపలాకు మాత్రం వెయ్యిమంది కూడా లేరు, వాళ్ళలో యోధులు మూడోవంతు. హేడ్రియన్ గోడ వెంట వేలమంది సైనికులుండేవారు. కొలతల కంటే పెద్ద తేడా వాడకంలో ఉంది. రోమన్లు తమ గోడకు దాదాపు మైలుకొక చిన్న కోట, దానికో ద్వారం పెట్టారు. జనం, పశువులు, సరుకు అటూ ఇటూ పోవాలి, పోయేటప్పుడు రోమన్ల కన్ను పడాలి, బహుశా సుంకం కూడా. మార్టిన్ గోడ మూసి ఉంచడానికి కట్టింది. కాబట్టి “ఇదే అది” అనకండి. మార్టిన్ చూసిన దృశ్యం హేడ్రియన్‌ది, అందులో పెట్టిన పని తనది అనండి.

4. తిండి లెక్క వేయండి

ఏ ఊహాలోకాన్నైనా ఒక ప్రశ్న అడగండి: వీళ్ళు ఏం తింటున్నారు, అది ఎక్కడ పండింది?

మధ్యయుగపు ఇంగ్లండ్‌లో గోధుమ ఒక బస్తా విత్తితే మామూలు ఏడాది నాలుగు బస్తాలు వచ్చేవి. అందులో ఒకటి మళ్ళీ విత్తనానికి పోవాలి. పదోవంతు చర్చికి. దొరకు కౌలు, వెట్టి. మిగిలినదే కుటుంబానికి, ఎలుకలకు, తడికి. మనిషికి ఏడాదికి సుమారు 250 కిలోల ధాన్యం అనుకుంటే, వెయ్యిమంది ఉన్న కోటకు మూడేళ్ళ చలికాలానికి 750 టన్నులు కావాలి. యాభై కిలోల బస్తాల్లో 15,000. అది కూడా గుర్రాలకు దాణా లెక్కేయకుండా, తర్వాతి పంటకు విత్తనం తీయకుండా. అదొక్క కోట. ఉత్తరాన పల్లెలెన్ని?

అసలు చరిత్రలో దీనికి దగ్గరగా వచ్చేది 1315–1317 మహాక్షామం. 1315 వసంతంలో మొదలైన వానలు ఆగలేదు, ఉత్తర ఐరోపా అంతటా వరసగా పంటలు పోయాయి. ఎండ లేక ఉప్పు ఆరలేదు, ఉప్పు లేక మాంసం నిలవ ఉండలేదు. ఆ ఆగస్టులో సెయింట్ ఆల్బన్స్‌లో ఆగిన ఇంగ్లండ్ రాజు రెండో ఎడ్వర్డ్ పరివారానికే రొట్టె దొరకడం కష్టమైంది. జనం విత్తనపు గింజలు తినేశారు. కొన్ని పట్టణాల్లో పదిమందిలో ఒకరు పోయారని అంచనా. తర్వాత పశువులకు తెగులు తగిలింది. దేశం తేరుకునేసరికి 1322 వచ్చింది. రెండు మూడు పంటలు పోతే ఇదీ పరిస్థితి, అది కూడా మధ్యలో మామూలు వేసవులు ఉండగా.

మార్టిన్ లోకంలో చలికాలం ఏళ్ళతరబడి సాగుతుంది. దానికి సర్దుబాట్లూ ఆయనే ఇచ్చాడు: పదేళ్ళ దాకా సాగే వేసవి, కోటల్లో నిలవలు, వింటర్‌ఫెల్‌లో వేడినీటి బుగ్గలతో వెచ్చబడే అద్దాల తోటలు. ఆ తోటలు కోటలోవాళ్ళకు కూరగాయలు పెడతాయి, ఉత్తరదేశాన్ని సాకవు. ఏళ్ళ చలికాలానికి సరిపడా మిగులు తీసే దిగుబడి ఉంటే తప్ప ఈ లెక్క కుదరదు. ఆ దిగుబడే ఉంటే పట్టణాలు, వర్తకులు ఇప్పుడున్నదానికి ఎన్నో రెట్లు ఉండాలి. ఇది కథకు లోపం అనను. చలికాలం భయం లేకపోతే ‘చలికాలం వస్తోంది’ అనే స్టార్కుల మాటకు పదునే లేదు. కానీ ఆ భయం భూగోళశాస్త్రం నుంచి వచ్చింది కాదు, మంత్రలోకం నుంచి వచ్చిందని మీ నోట్స్‌లో రాసుకోవాలి.

ఇదే తిండి ప్రశ్న రాజధానికి వేస్తే మార్టిన్ బాగానే గట్టెక్కుతాడు. సిరీస్‌లో కింగ్స్ ల్యాండింగ్ జనాభా పది లక్షలంటారు. 1300 ప్రాంతంలో లండన్ జనాభాను చరిత్రకారులు 80,000 చుట్టుపక్కల అంచనా వేస్తారు. పారిస్ రెండు లక్షలు ఉండొచ్చంటారు. కాబట్టి ఆ అంకె మరీ పెద్దది. కానీ నవలలో టైరెల్లులు తమ పంటనేల నుంచి ధాన్యం వచ్చే రోజ్‌రోడ్ దారిని మూసేయగానే నగరంలో రొట్టె ధర ఎగబాకడం, జనం రాజు ఊరేగింపు మీద తిరగబడటం అచ్చంగా మధ్యయుగ నగరం బతుకే. గింజలు బళ్ళ మీద ఎంత దూరం వస్తే అంత ఖరీదు, అందుకే లండన్ థేమ్స్ నది మీద, దాని చుట్టుపక్కల కౌంటీల మీద ఆధారపడి బతికింది.

మన దగ్గర ‘బాహుబలి’లోని మాహిష్మతికి కూడా ఈ పరీక్ష పెట్టి చూడండి. అంతటి రాజధానికి నీళ్ళెక్కడివి, పొలాలెక్కడ? కాకతీయుల ఓరుగల్లును తలచుకుంటే పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు వెంటనే గుర్తొస్తాయి. గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం చదివితే, ఓడ పగిలిన వర్తకుడి సరుకు ఇక లాక్కోమని, నిర్ణయించిన సుంకమే తీసుకుంటామని రాజు మాటివ్వడం కనిపిస్తుంది. సైన్యం వెనక చెరువు, చెరువు వెనక సుంకం. వెండితెర మీద ఇవి కనిపించకపోయినా మీ పోలికలో కనిపించాలి.

5. ఒక సంఘటన తీసుకుని మొదలు, తుది, లాభం విడదీయండి

రాబ్ స్టార్క్‌ను, అతని మనుషుల్ని వాల్డర్ ఫ్రే పెళ్ళివిందుకు పిలిచి చంపించిన రెడ్ వెడ్డింగ్‌కు రెండు మూలాలు మార్టినే చెప్పాడు. ఒకటి 1440 నవంబరులో ఎడిన్‌బరో కోటలో జరిగిన ‘బ్లాక్ డిన్నర్’. రెండోది 1692 ఫిబ్రవరి 13న జరిగిన గ్లెన్‌కో ఊచకోత. రెండూ స్కాట్లండ్‌వే, ఇంగ్లండ్‌వి కావు. రెండోది మధ్యయుగం దాటి రెండువందల ఏళ్ళ తర్వాతది.

సంఘటనను మూడు ముక్కలు చేయండి. మొదటిది, ఎవరు ఎవరి ఆతిథ్యాన్ని చెరిచారు? బ్లాక్ డిన్నర్‌లో పదహారేళ్ళ డగ్లస్ ఎర్ల్‌ను, అతని తమ్ముణ్ణి పదేళ్ళ బాలరాజు రెండో జేమ్స్ విందుకు పిలిచి పట్టుకున్నారు, అంటే పిలిచినవాళ్ళే చంపారు. గ్లెన్‌కోలో తలకిందులు: మాక్‌డొనాల్డుల ఇళ్ళల్లో పన్నెండు రోజులు తిని పడుకున్న సైనికులు తెల్లవారకముందే లేచి సుమారు 38 మందిని చంపారు. వాల్డర్ ఫ్రే పనికి 1440 దగ్గర, అందులోని మూకుమ్మడి నరుకుడుకు 1692 దగ్గర.

రెండోది, చట్టం ముసుగు ఉందా? డగ్లస్ పిల్లలకు ఉత్తుత్తి విచారణ ఒకటి జరిపి రాజద్రోహం పేరుతో తలలు నరికారు. ఎద్దు తలను బల్ల మీద పెట్టారన్న ప్రసిద్ధ ముచ్చట తర్వాతి కాలపు కల్పన. గ్లెన్‌కో మీద 1695లో విచారణ సంఘం కూర్చుంది. వెస్టెరోస్‌లో విచారణ నటన కూడా లేదు.

మూడోది, లాభం ఎవరికి? దీన్ని తరచూ వదిలేస్తారు. డగ్లస్ పిల్లలు పోగానే ఎర్ల్ పదవి వాళ్ళ తాతగారి తమ్ముడు జేమ్స్ డగ్లస్‌కు దక్కింది, అతని హస్తం ఉందన్న అనుమానం ఇప్పటికీ ఉంది. ఇప్పుడు రూస్ బోల్టన్ వైపు చూడండి. రాబ్ స్టార్క్‌ను పొడిచి ఉత్తరాన్ని అందుకున్నవాడు సొంత శిబిరంవాడే. మార్టిన్ అందిపుచ్చుకున్న అసలు సంగతి రక్తం కాదు, ఈ లోపలి లెక్క అని నా అభిప్రాయం.

ఇదే పద్ధతి యుద్ధం మొత్తానికి వాడితే పెద్ద తేడా పట్టుబడుతుంది. అయిదుగురు రాజుల యుద్ధంలో రివర్‌లాండ్స్ బూడిదవుతుంది, పల్లెలు మాడిపోతాయి, రైతుల శవాలు చెట్లకు వేలాడతాయి. ఇది గులాబీల యుద్ధాల చిత్రం అనుకుంటారు చాలామంది. కానీ ఆ కాలం చరిత్ర రాసిన ఫిలిప్ ద కొమీన్ సరిగ్గా దీనికి వ్యతిరేకంగా రాశాడు: ఇంగ్లండ్‌లో యుద్ధం వస్తే ఊళ్ళూ ఇళ్ళూ పాడుకావు, దెబ్బ సైనికుల మీద, ముఖ్యంగా ప్రభువుల మీద పడుతుందని. 1461లో మార్గరెట్ సైన్యం దక్షిణానికి దిగుతూ దోచుకున్న మాట నిజమే, కానీ మొత్తంగా ఆయన మాట కొట్టిపారేయలేం. రివర్‌లాండ్స్‌కు అసలు మూలం నూరేళ్ళ యుద్ధంలో వెతకాలి. 1355 శరదృతువులో ఇంగ్లండ్ యువరాజు ఎడ్వర్డ్ బోర్డో నుంచి నార్బోన్ దాకా రెండు నెలలు పల్లెల్ని తగలబెడుతూ పోయి తిరిగొచ్చాడు. పన్నులొచ్చే ఊళ్ళు లేకుండా చేయడం, ‘మీ రాజు మిమ్మల్ని కాపాడలేడు’ అని చూపించడం దాని ఉద్దేశం. టైవిన్ లానిస్టర్ గ్రెగర్ క్లిగేన్‌ను రివర్‌లాండ్స్ మీదికి వదలడంలో ఉన్న తర్కం అదే. కుటుంబకథ ఇంగ్లండ్‌ది, మంటలు ఫ్రాన్సువి.

6. లేనివాటి జాబితా రాయండి

ఉన్నవాటిని ఎవరైనా పోలుస్తారు. అసలు కాలంలో ఉండి ఊహాలోకంలో లేనివి పట్టుకోవడానికే ఓపిక కావాలి.

మొదట చర్చి. 1086 డోమ్స్‌డే సర్వే ప్రకారం ఇంగ్లండ్ భూమిలో దాదాపు నాలుగోవంతు చర్చి చేతిలో ఉంది. 1077 జనవరిలో జర్మన్ రాజు నాలుగో హెన్రీ పోప్ క్షమాపణ కోసం కనోస్సా కోట బయట మంచులో మూడు రోజులు నిలబడ్డాడు. 1208 నుంచి 1214 వరకు పోప్ మూడో ఇన్నోసెంట్ ఇంగ్లండ్ మొత్తం మీద నిషేధం పెడితే గుళ్ళలో ప్రార్థనలు ఆగాయి, చనిపోయినవాళ్ళకు మామూలు అంత్యక్రియలు లేకుండా పోయాయి. రాజు చివరికి లొంగాడు. వెస్టెరోస్‌లో ప్రభువులు దేవుళ్ళ పేరు ఎత్తుతారు కానీ ఏ నిర్ణయమూ సెప్టన్ను, అంటే పూజారిని, అడిగి చేయరు. నాలుగో నవల దాకా మతం ఒక శక్తిగా లేవదు. చదువు, లెక్కలు, ఉత్తరాలు అసలు ఐరోపాలో చాలావరకు మతాధికారుల పని, ఇక్కడ అది మేస్టర్లనే పండితులకు పోయింది. ఆ ఒక్క మార్పుతో రాజుకు పోటీ అధికారం లేకుండా పోయింది.

తర్వాత పార్లమెంటు. గులాబీల యుద్ధాల్లో కత్తి ఎంత తిరిగిందో కాగితం అంత తిరిగింది. 1460లో యార్క్ డ్యూక్ సింహాసనం మీద హక్కును పార్లమెంటు ముందుపెట్టాడు, అక్కడ రాజీ కుదిరి చట్టమైంది. 1484లో మూడో రిచర్డ్ తన హక్కుకు పార్లమెంటు ముద్ర వేయించుకున్నాడు. పన్ను కావాలంటే సమ్మతి కావాలి. వెస్టెరోస్‌లో అరుదుగా పిలిచే మహాసభలు తప్ప ఏమీ లేవు. నెడ్ స్టార్క్ చేతిలోని, చనిపోయిన రాజు రాయించిన కాగితం సెర్సీ చింపేసిన క్షణంలో ఆగిపోవడానికి కారణం ఇదే: దాన్ని ఇంకెక్కడికీ తీసుకెళ్ళే చోటు లేదు.

కోర్టులు కూడా అంతే. నార్ఫక్‌లోని పాస్టన్ కుటుంబం ఉత్తరాలు చదివితే ఆ కాలం భూస్వామి జీవితం సగం వ్యాజ్యాలేనని తెలుస్తుంది. వాళ్ళ కైస్టర్ కోటను 1469లో నార్ఫక్ డ్యూక్ ముట్టడించి లాక్కున్నాడు. ఆ డ్యూక్ పోయాక 1476లో తిరిగి దక్కింది.

ఇక అప్పు. రాబర్ట్ ఖజానా అరవై లక్షల బంగారు నాణేల బాకీలో ఉంది, అందులో సగం లానిస్టర్లదే. అప్పు ఎగ్గొట్టిన రాజుల శత్రువులకు బ్రావోస్‌లోని ఐరన్ బ్యాంక్ డబ్బిస్తుంది. అసలు చరిత్రలో మూడో ఎడ్వర్డ్ ఫ్రాన్సుతో యుద్ధానికి ఫ్లోరెన్స్‌లోని బార్డి, పెరుజ్జి సంస్థల దగ్గర అప్పు చేసి తీర్చలేదు. 1343లో పెరుజ్జి, 1346లో బార్డి మునిగాయి. ఆ ఒక్క బాకీయే కారణం కాదు కానీ రాజు మీద దావా వేసే చోటు వాళ్ళకు ఎక్కడా లేదు. మార్టిన్ బ్యాంకుకు అసలు బ్యాంకర్లకు లేని కోరలు పెట్టాడు.

7. గడియారం ఆగిందా చూడండి

ఇది త్వరగా తేలుతుంది. 1066లో యోధుడి ఒంటి మీద గొలుసు కవచం, 1461 టౌటన్ యుద్ధం నాటికి ఉక్కు పలకలు. ఈ నాలుగువందల ఏళ్ళలో గాలిమరలు, కళ్ళద్దాలు, యంత్ర గడియారాలు, ఫిరంగులు వచ్చాయి. 1460 నార్తాంప్టన్ యుద్ధంలో లాంకాస్టర్ల ఫిరంగులు వానకు తడిసి పేలలేదు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ గోడల్ని ఫిరంగులు పగలగొట్టాయి. వెస్టెరోస్‌లో పలకల కవచం ఉంది, తుపాకిమందు లేదు, వేల ఏళ్ళుగా ఏదీ కదల్లేదు. ఫిరంగి చేసే పని డ్రాగన్ చేస్తుంది, కరిగిపోయిన హారెన్‌హాల్ బురుజులే సాక్ష్యం.

8. “ఆ కాలంలో అంతే” అన్న మాటను విడిగా పరీక్షించండి

కథలోని హింసను సమర్థించడానికి ఈ మాట తరచూ వాడతారు. ఒక్కొక్కదానికి జవాబు ఒక్కోలా వస్తుంది.

ద్వంద్వయుద్ధంతో తీర్పు నిజమే. 1386లో పారిస్‌లో కారూజ్, లె గ్రి అనే ఇద్దరు అత్యాచార ఆరోపణ మీద పోరాడారు. ఇంగ్లండ్‌లో ఆ హక్కును 1819లో గానీ రద్దు చేయలేదు. కాకపోతే జ్యూరీలు వచ్చాక అది చాలా అరుదు.

పెళ్ళికూతురి మీద దొరకు ‘తొలిరాత్రి హక్కు’ వెస్టెరోస్‌లో ఒకప్పటి చట్టం. మధ్యయుగ ఐరోపాలో అలాంటి చట్టపు హక్కు అమలైనట్టు నమ్మదగ్గ ఆధారాల్లేవు. ఉన్నది, వెట్టి రైతు కూతురి పెళ్ళికి దొరకు కట్టాల్సిన రుసుము.

చిన్నపిల్లల పెళ్ళిళ్ళు సగం నిజం. ఆడపిల్లకు పన్నెండు నిండితే చర్చి చట్టం ఒప్పుకునేది. మార్గరెట్ బోఫోర్ట్ 1457 జనవరిలో పదమూడేళ్ళకు ఏడో హెన్రీని కన్నది, ఆ తర్వాత ఆమెకు పిల్లలు కలగలేదు. తన మనవరాలిని స్కాట్లండ్ రాజు దగ్గరికి తొందరగా పంపొద్దని ఆమే అడ్డుపడింది. అంటే ఆ కాలంవాళ్ళకూ అది మామూలుగా అనిపించలేదు. ఇంగ్లండ్ రైతుల ఇళ్ళలో అమ్మాయిలు సాధారణంగా ఇంతకంటే ఎంతో పెద్దయ్యాకే పెళ్ళి చేసుకునేవారు.

9. ఒక అసలు పత్రం చదివాకే రాయండి

వికీ పేజీలు పది చదవడం కంటే పాస్టన్ ఉత్తరాలు పది చదవడం మేలు. పాత ప్రతులు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. 1448లో మార్గరెట్ పాస్టన్ భర్తకు రాసిన ఉత్తరంలో ఇంటి కాపలాకు విల్లు యంత్రాలు, గండ్రగొడ్డళ్ళు పంపమంటుంది, అదే ఉత్తరంలో బాదంపప్పు, చక్కెర కూడా అడుగుతుంది. ఆ జోడింపు ఏ ఫాంటసీ రచయితకూ ఊరికే తట్టదు. యుద్ధాల గురించి చదివేటప్పుడు చరిత్ర రాసినవాళ్ళ అంకెలను అనుమానించండి: టౌటన్‌లో 28,000 మంది పోయారన్నది ఆనాటి లెక్కే అయినా ఇప్పటి చరిత్రకారులు చాలామంది దాన్ని ఒప్పుకోరు.

రాసేటప్పుడు దొరికినవన్నీ మూడు కుప్పలు చేయండి: ఉన్నదున్నట్టు తెచ్చినవి, తెచ్చి మార్చినవి, అసలు తేకుండా వదిలేసినవి. రెండో, మూడో కుప్పల్లో ప్రతిదాని పక్కన ఒక ప్రశ్నకు జవాబు రాయండి: ఈ మార్పు లేకపోతే కథలో ఏది కూలుతుంది? ఏళ్ళ చలికాలం తీసేస్తే గోడకు అర్థం లేదు, కాబట్టి అది కావాలని చేసిందే. పార్లమెంటు పెడితే సగం హత్యలు అక్కర్లేదు, అదీ కావాలని చేసిందే. నెలరోజుల ప్రయాణం నాలుగు నెలలైతే కథకు ఏ నష్టమూ లేదు, అది ఉత్త పొరపాటు.

స్టార్క్–యార్క్ జతల పట్టికను చివర్న పెట్టండి. చదివేవాళ్ళు దానికోసమే వస్తారు. దాన్ని చేరేలోపు బస్తాల లెక్క, మైళ్ళ లెక్క చదవక తప్పదు.